సగం కొండ

"దొరికాడక్కా, చెట్ల దొంగ!"

కాపలాదారు ఓ ముసలాయన్ని రెక్క పట్టుకుని అడవి సంఘం గదిలోకి లాక్కొచ్చాడు. ముసలాయన చేతిలో కొడవలి, నెత్తిన పచ్చి కొమ్మల మోపు.

సంఘాన్ని నడిపే పెద్దక్కకి ఒళ్లు మండింది. మండదూ మరి! ఆవిడ మాట నమ్మి నలభై ఇళ్లవాళ్లు బొగ్గు బట్టీలు ఆర్పేసి తేనెపెట్టెలు పెట్టుకున్నారు. బొగ్గు కోసం నరికేసిన బోడికొండ మళ్లీ పచ్చబడకపోతే పూలుండవు, తేనె ఉండదు. మళ్లీ ఆ బట్టీలే గతి.

"నరికేసిన మోళ్లకి ఇప్పుడిప్పుడే పిలకలొస్తున్నాయి. వాటినీ బతకనివ్వవా?"

"అది కాదమ్మా. మోడుకి ఒక్క పిలక ఉంచి మిగతావి తీసేస్తే..."

"నోర్ముయ్! చేసింది దొంగతనం, పైగా పాఠాలొకటా?"

కాపలాదారుకే జాలేసింది. "పెద్దాయన కదక్కా. పేరూ ఊరూ రాసుకుని వదిలేద్దాం."

"రాసుకో. వదలడం మాత్రం నా చేతిలో ఉంది."

ఆ మోపుతోనే వీధి మధ్యలో గంటసేపు నిలబెట్టింది. పిల్లలు ఈలలేశారు. ముసలాయన తలెత్తలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "సగమే అయింది తల్లీ. మిగతా సగం మీరైనా చెయ్యండి," అన్నాడు.

"చూశావా పొగరు!" అంది పెద్దక్క.

మూడు వానాకాలాలు గడిచాయి. సంఘం నాటిన మొక్కలు ముప్పాతిక ఎండిపోయాయి. కొండ మీద ఓ సగంలో మోళ్లు ఇంకా చీపురుకట్టల్లా గుబురుగానే ఉన్నాయి. ముసలాయన కొడవలి పెట్టిన సగంలో మాత్రం మోడుకో చెట్టు నిలువెత్తు లేచి పూత పట్టింది. ఊళ్లో తేనెపెట్టెలన్నీ అక్కడికే చేరాయి.

అందరూ పెద్దక్కని మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటుంటే ఆవిడకి ముద్ద దిగలేదు. ఎంత పని చేశాను! నోరు తెరవనిచ్చానా ఆ మనిషిని?

కాపలాదారు రాసుకున్న కాగితం పట్టుకుని ఆ ఊరు వెళ్లింది. ఆయన కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి నాలుగు నెలలైందండీ."

పెద్దక్క గడప మీద కూర్చుంది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"కాళ్లు పట్టుకుని క్షమించమందామని వచ్చానమ్మా. అసలు మా బోడికొండతో ఆయనకేం పని?"

కూతురు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"ఆ కొండని తినే కదా మనం బతికాం, దాన్ని బతికించాల్సింది కూడా మనమే అనేవాడండీ. మీ ఊళ్లో బట్టీలు ఆర్పేశాక టౌన్లో బొగ్గు డిపో మూతబడింది చూడండి, అది మా నాన్నదే."