పెరట్లో రెండో కుర్చీ

ఇంట్లో నిక్షేపంలాంటి పొయ్యి ఉండగా మగాడు పెరట్లో ఇంకోటి కట్టుకుంటున్నాడంటే ఏదో ఉందన్నమాటే. పక్కింటి సాఫ్తా ఆ మాట కంచె మీంచి అననే అంది. రుసాంద అప్పటికి నవ్వేసి ఊరుకుంది.

ఆమె ఈ ఇంటికొచ్చి ఏడాది కూడా కాలేదు. మొగుడు ఒప్రియా నోట్లో నాలుక లేని మనిషి. నది ఒడ్డు నుంచి నున్నటి రాళ్లు బండిలో తెచ్చాడు. ప్లమ్ చెట్టు కింద గుండ్రంగా పేర్చి మట్టి మెత్తాడు. ఈదురుగాలి తగలకుండా వెనక తడిక కట్టాడు. ఈస్టర్ దగ్గరికొచ్చినా సాయంత్రమైతే పళ్లు టకటకలాడే చలి మరి. తడిక ముందు రెండు కుర్చీలు వేశాడు. ఒకటి పాతది. రెండోది తనే కొత్తగా అల్లి, మీద గొర్రెతోలు పరిచాడు.

రుసాంద అందులో కూర్చోబోయింది. ఒప్రియా చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాంట్లో వద్దు."

"ఏం, ఎవరికది?"

"మొదట వేరేవాళ్లు కూర్చోవాలి. గురువారం దాటనీ, తర్వాత ఎన్ని సాయంత్రాలైనా నీవే."

"ఎవరా వేరేవాళ్లు?"

సుత్తి వెతికే మిషతో కొట్టంలోకి జారుకున్నాడు. రుసాందకి సాఫ్తా మాట గుర్తొచ్చింది.

మంగళవారం సంతలో కొత్త కప్పు కొన్నాడు. ఒక్కటే. బుధవారం గసగసాల రొట్టె చేయమన్నాడు. ఈ ఇంటికొచ్చాక ఆమె ఆ రొట్టె జోలికే పోలేదు.

"పళ్లలో ఇరుక్కుంటాయని నువ్వు ముట్టవుగా?"

"చెయ్యవే. ఒక్కటి చాలు."

సాఫ్తా వింటూనే వేళ్లు మడిచింది. "మెత్తటి కుర్చీ, కొత్త కప్పు, గసగసాల రొట్టె. ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన నాకు ఇందులో ఒక్కటీ అమర్చలేదు. కళ్లు తెరుచుకోవే పిచ్చిమొహమా."

"మా ఆయన అలాంటివాడు కాదు."

"ఎవరి ఆయనా అలాంటివాడు కాదు, తెలిసేదాకా."

గురువారం తెల్లవారుజామున ఊరంతా వాకిళ్లలో పుల్లల మంటలు వేశారు. ఏటా ఈస్టర్ ముందు గురువారం పోయినవాళ్లు చలి కాచుకోవడానికి వస్తారని నమ్మకం. అత్త కూడా వేసింది. తమ వంశంలో పోయినవాళ్లను పేరుపేరునా పిలిచింది. రుసాంద తలొంచుకుని నిలబడింది. పొద్దెక్కగానే బూడిద ఎత్తేశారు. పోయినవాళ్ల మంట తెల్లవారుజాముదే. సాయంత్రపు మంట ఎప్పుడూ బతికున్నవాళ్లదే.

పొద్దు వాలుతుండగా అత్త చర్చికి బయల్దేరింది.

"నువ్వూ వెళ్లు," అన్నాడు ఒప్రియా. "ఇవాళ పన్నెండు సువార్త పాఠాలు చదువుతారు. తొందరపడి రాకు."

సాగనంపుతున్నాడు! రుసాందకి ఒళ్లు మండింది. దాని వెనకే ఏడుపొచ్చింది. మంచం కింద పెట్టెలో బట్టలు అప్పటికే సర్దేసింది. ఆడదాని నీడ కనబడితే చాలు, ఇవాళే అన్న ఇంటికి పోతుంది. ఇంకోసారి బతుకు కూలితే లేచి నిలబడే ఓపిక ఆమెకు లేదు.

మూడో పాఠం కాగానే చర్చిలోంచి వచ్చేసింది. దొడ్డిదారిన వచ్చి మొక్కజొన్న గాదె వెనక నక్కింది.

మంట నిండుగా మండుతోంది. కొత్త కప్పులో వైన్ పొగలు కక్కుతోంది. రొట్టె పక్కనే ఉంది. ఒప్రియా గడ్డం గీసుకున్నాడు, పెళ్లినాటి చొక్కా తొడుక్కున్నాడు. గొర్రెతోలు కుర్చీ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

అతను గేటు తీసి బార్లా పెట్టాడు. రుసాంద గాదె పక్కనుంచి తల బయటపెట్టింది.

ఒప్రియా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు సవరించుకుని చీకట్లోకి చూస్తూ అన్నాడు: "రా నిస్తోరన్నా, మొహమాటపడకు, డాన్యూబ్ నిన్ను మింగి నాలుగేళ్లైంది, ఆ నీళ్లలో ఎంత చలేస్తుందో, ఇలా కూర్చుని ఒళ్లు కాచుకో, నీతో కాపురం చేసిన రుసాందకి మా అమ్మ మంట దగ్గర నీ పేరెత్తే ధైర్యం లేదు."