కిటికీలో తల్లీబిడ్డ

“చీపురు దించు! తల్లీబిడ్డల్ని విడదీస్తే ఆ ఉసురు ఊరికే పోదు!”

పొయ్యి పక్కన వేసుకున్న కుర్చీలోంచి కదలకుండానే కేకేశారు డ్రాయింగ్ మాస్టారు. రిటైరైన మర్నాడే ఆ కుర్చీ వంటింట్లోకి వచ్చి పడింది. ఉప్పెంత వెయ్యాలో, మంటెంత తగ్గించాలో భార్యకు అక్కణ్నుంచే పాఠం.

“రేపు రంగులాయన వస్తాడండీ. కిటికీలో ఈ సాలెగూడు మీదే రంగు పూసి పొమ్మంటారా?” అంది భార్య.

“కళ్లు పెట్టి చూడవే. నల్లటి పొట్ట మీద పసుప్పచ్చ పట్టీలు, వెండి తల. కాళ్లు రెండేసి జతకలిపి గుణకారం గుర్తు పెట్టింది. గూటి నడుమ తెల్లదారంతో వంకీల కుట్టు! అంత సొగసుకత్తె పక్కన పిసరంత గోధుమరంగు బుడతడు. వారంనుంచి అమ్మ కొంగు వదలడు. తల్లిప్రేమంటే అదీ!”

“తల్లేనంటారా?”

“ఎన్ని వేల బొమ్మలు దిద్దించిన కళ్లు ఇవి! పొరపాటు పడతాయా?”

ఆవిడ నవ్వాపుకుని చీపురు మూలన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు గూటివైపు చూశారు. బుడతడు లేడు. పెద్దది మాత్రం దారం చుట్టిన చిన్న మూటను తీరిగ్గా జుర్రుకుంటోంది. మూటలోంచి ఓ గోధుమరంగు కాలు వేలాడుతోంది.

“కన్నబిడ్డని మింగిన రాకాసీ!” అంటూ ఈసారి ఆయనే చీపురెత్తారు.

భార్య అడ్డంగా నిలబడింది. “ఆగండి. కన్నబిడ్డ ఎక్కడైనా కిటికీ అవతల్నుంచి దారం పట్టుకుని నడిచొస్తుందా? అలా వచ్చేది మొగుడు. వాడు దాని మొగుడండీ.”

“మొగుడా? నిన్న చెప్పవేం?”

“చెప్పనిచ్చారా మీరు? పెరట్లో ఏటా చూసేదేగా. ఇప్పుడది గుడ్లతో ఉంది. సంచి అల్లి అందులో గుడ్లు దాస్తుంది. పిల్లలు బయటికొచ్చేలోపే పాపం కన్నుమూస్తుంది. అవేమో తలో నూలుపోగు వదిలి గాలికెగిరిపోతాయి. అప్పటిదాకా ఈ కిటికీ జోలికి రావద్దని రంగులాయనకు చెప్పండి.”

“చెప్తాలే. అదిసరే… మొగుణ్ని ఎందుకు తినేసిందే?”

ఆవిడ గరిటె తిప్పుతూ తల కూడా ఎత్తలేదు.

“ఏమో మరి. వారమంతా పక్కనే కూర్చున్నాడుగా. గూడెలా అల్లాలో చెప్పుంటాడు.”

రంగులాయన వచ్చేసరికి మాస్టారి కుర్చీ వరండాలో ఉంది.