పదకొండు క్యాన్లు

క్యాన్ మూత తీయగానే మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇవేం పాలండీ బాబూ! ఆకాశం కరిగించి పోసినట్టున్నాయి."

"నీలిమందు సార్. బట్టలకు పెట్టేది," అన్నాడు లారీ డ్రైవరు. "ఈ వారంలో ఇలాంటివి పదకొండు క్యాన్లు. ఎక్కడా ఎవరూ దించుకోవడం లే..." అంటూనే నాలుక కరుచుకున్నాడు.

నగరానికి వచ్చే పాలన్నీ ముందు ఈ శీతల కేంద్రానికే రావాలి. పరీక్షలో నెగ్గినవి ట్యాంకులోకి పోతాయి. తప్పినవాటి మీద ఎర్రసుద్దతో గీత గీసి వెనక గోడ పక్కన పెడతారు. సాయంత్రం వాటిని, తెచ్చిన కాంట్రాక్టరే తిరిగి పట్టుకుపోతాడు. పట్టుకుపోయి పారబోయాలని అందరూ అనుకోవడమే తప్ప, నిబంధనల్లో ఎక్కడా రాసిలేదు. నీలంగా మారినవన్నీ ఆ ఎర్రగీత క్యాన్లే.

మేనేజరు నాణ్యతాధికారి వైపు తిరిగాడు.

"విచారణ మీరు చేయండి. ఉన్న మూడు చొక్కాల మీదా ఇన్నేళ్లలో ఒక్క మరక పడనివ్వని మనిషి మీరు. మీరు రాస్తే పైవాళ్లు నమ్ముతారు. శుక్రవారానికల్లా నాకు పేరు కావాలి. అయినా అందులో తేల్చేదేముంది? ఆ క్యాన్ల దగ్గర మసిలేది టెస్టరమ్మ ఒక్కతే. ఉద్యోగం ఊడుతుందని ఒక్క మాటనండి, ఒప్పేసుకుంటుంది."

నాణ్యతాధికారి తలూపాడు. ఆయన గొంతు పెంచగా ఆ కేంద్రంలో ఎవరూ వినలేదు.

పాలు పరీక్ష చేసే గదిలో టెస్టరమ్మ గాజు గొట్టాలు వరసగా పెట్టుకుని నిలబడి ఉంది.

"కూర్చోండమ్మా."

"నేను కూర్చుంటే బయట లారీలు నిలబడతాయి సార్. అడగండి."

"ఈ వారం మీరు తిరగ్గొట్టినవి ఎన్ని?"

"పదకొండు. రిజిస్టర్లో ఉన్నాయి. అన్నింట్లోనూ సోడానే. పులిసిపోతున్న పాలు తాజాగా కనిపించాలని కలుపుతారు. మందు వేయగానే గులాబీ రంగులోకి తిరిగాయి." ఆమె చేతిలోని గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. రంగు మారలేదు. "ఇవి బంగారం."

"నీలిమందు మీరు కలిపారా?"

"అంత తెలివే ఉంటే ఎప్పుడో కలిపేదాన్ని."

"నవ్వులాట కాదమ్మా. ఉద్యోగం సంగతి."

ఆమె చేతులు ఆగాయి. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

"మా చెల్లెలి కూతురుండే హాస్టల్లో పోయిన నెల నలభై మంది వాంతులతో పడ్డారు కదా. చూడ్డానికి వెళ్తే వంటింటి వెనక క్యాన్ కనిపించింది. కడిగారు గానీ, మూత అంచు కింద నా సుద్దగీత అలాగే ఉంది. ఆ ముక్క మీ ఒక్కరికే చెప్పాను. మీరు పై ఆఫీసుకు ఉత్తరాలు రాశారు. ఏమైంది సార్?"

"పరిశీలనలో ఉందట."

"చూశారా! కలిపింది నేను కాదు. కానీ కలిపిన చేతులకు మాత్రం దణ్ణం పెడతాను. రాసుకోండి."

"అది రాయన్లెండి," అంటూ ఆయన పెన్ను మూత పెట్టాడు.

శుక్రవారం ఆయన మేనేజరు గదిలోకి వెళ్లేసరికి టెస్టరమ్మను అప్పటికే పిలిపించి నిలబెట్టారు. ఆయన జేబులోంచి పైకి తేలిన కవరు వైపు ఆమె చూపు పోయింది.

"పేరు?" అన్నాడు మేనేజరు.

"రాస్తాను. దానికి ముందు రిపోర్టులో ఒక ఖాళీ ఉండిపోయింది. ఫిర్యాదు ఎవరిది?"

"కాంట్రాక్టరుదే."

"పారబోసే పాలు ఏ రంగులో ఉంటే ఆయనకేం?"

"అదేంటండీ! హాస్టలు వాళ్లూ, టీకొట్ల వాళ్లూ తిప్పి కొడుతుంటే..."

మేనేజరు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అయితే మనం తిరగ్గొట్టిన పాలు హాస్టలుకు వెళ్తున్నాయని రాయాలి," అన్నాడు నాణ్యతాధికారి నెమ్మదిగా.

"ఆగండాగండి. పాలలో రంగు కలపడం తప్పు కాదూ?"

"అమ్మే పాలలో కలిపితే తప్పే. ఈ పదకొండు క్యాన్లూ అమ్మకానికేనని మీరు సంతకం పెట్టివ్వండి. కింద పేరు నేను రాస్తాను."

మేనేజరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఇప్పుడేం చేద్దామంటారు?" అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"తిరగ్గొట్టిన ప్రతి క్యాన్‌లోనూ అక్కడికక్కడే, అందరి ఎదుటా, కేంద్రమే రంగు కలపాలని ఆర్డరు వేయండి. ఆలోచన మీదేనని పై ఆఫీసుకు రాద్దాం."

"నాదేననా?" మేనేజరు ముఖం విప్పారింది. కలం కోసం బల్లంతా తడుముకున్నాడు.

వరండాలో టెస్టరమ్మ వెనకాలే వచ్చింది.

"సార్, ఆ కవర్లో నా పేరేనా?"

"మీ పేరు లేదమ్మా." ఆయన కవరు తీసి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"మరి ఎవరిది?"

"లారీ హారన్ కొడుతోంది, వెళ్లండి. లోపల మీరు లేకపోతే ఏ క్యాన్ ఎటు పోతుందో ఏమో."

ఆమె కళ్లు తుడుచుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి పోతూ ఆయన వీధి చివరి కొట్టు దగ్గర ఆగాడు. భార్య పోయినప్పటి నుంచీ సబ్బు, సరుకులు, అన్నీ తనే చూసుకోవాలి.

"నీలిమందు ఒక సీసా ఇవ్వవయ్యా."

కొట్టతను చెయ్యి చాచబోయి ఆగాడు. "అదేంటి మాస్టారూ! పోయిన వారమేగా ఉన్న సీసాలన్నీ ఊడ్చుకుపోయారు? ఎన్ని చొక్కాలకు పెట్టారేంటి?"

"పదకొండు."