తాన్ గొంతు

తాన్ చేతులు వణుకుతున్నాయి. ఒళ్లో గుండ్రటి తీగవాద్యం ఉంది కానీ తీగ బిగించడం కూడా అతనివల్ల కావడం లేదు. రెండుసార్లు నీళ్లు తాగాడు. అయినా నోరు ఎండిపోతూనే ఉంది.

తెల్లటి తెరకు అవతల సిపాయిలు, వాళ్ల వెనక ఊరి జనం బారులు తీరి కూర్చున్నారు. ముందు వరసలో దళపతి చియావ్, అతని పక్కన పడక్కుర్చీలో అతని తల్లి. ఆవిడకు కళ్లు లేవు. అయినా తోలుబొమ్మలాటంటే ప్రాణం. కళ్లు పోయిన కొత్తలో వాళ్ల ఊరి జాతరలో తాన్ పాట విందట. ఆ పాట విన్నాకే మళ్లీ బతకాలనిపించిందట. ఈరోజు ఆవిడ పుట్టినరోజు. "పాడితే తాన్ పాడాలి, ఇంకెవడూ వద్దు" అని పట్టుబట్టింది.

పోయిన నెలలో వేరే బృందం ఒకటి తాన్ పేరు చెప్పుకుని వచ్చింది. పాట సగంలో ఉండగానే ముసలావిడ పట్టేసింది. దళపతి ఆ పాటగాడి పళ్లు తుపాకీ మడమతో రాలగొట్టించాడు. ఈసారి మోసం జరిగితే బృందం మొత్తాన్నీ గోడకు నిలబెట్టి కాల్చేస్తానని తాన్‌కు కబురు పంపాడు. కబురుతోపాటు బండి పంపాడు, బండికి ఇటూ అటూ సిపాయిలను కూడా. చక్రవర్తుల కాలం పోయింది. ఇప్పుడు తుపాకీ ఎవడిదైతే రాజ్యం వాడిది. రానని ఎలా చెప్తారు?

బొమ్మలాడించే గో పెట్టె తెరిచి, విడివిడిగా ఉన్న తలలను మొండేలకు తగిలిస్తున్నాడు. ఆట అయ్యాక తలలు ఊడదీసి పెట్టకపోతే బొమ్మలు లేచి తిరుగుతాయని వాళ్లకు భయం. ఈ సాయంత్రం ఆ భయం ఎవరికీ గుర్తు రాలేదు.

"అన్నా, ఆ వణుకు ఆపుతావా? నీ నీడ తెర మీద పడుతోంది. సేనాపతి బొమ్మ ఆడకముందే నువ్వు ఆడుతున్నావ్."

"నీకు నవ్వులాటగా ఉందిరా?"

"ఏడిస్తే వదిలేస్తారంటే చెప్పు, ఇప్పుడే మొదలెడతా. పాటలన్నీ నీకు నోటికొచ్చుగా!"

"నోటికొస్తే సరిపోద్దా? గొంతులోంచి రావద్దూ?"

గో ఇంకో తల తీసి మొండేనికి తగిలించాడు. పోయిన చలికాలంలో తాన్ భార్య జ్వరంతో చనిపోయింది. అప్పటినుంచీ అతను ఒక్క ఆట కూడా ఒప్పుకోలేదు.

అంతలో తెర అంచు కదిలింది. ఇద్దరూ అటు తిరిగారు.

తొంగిచూసింది దళపతి భార్య. "బొమ్మలు ఎట్లా ఆడతాయో చూస్తానయ్యా, ఒక్కసారి!"

"అయ్యో తల్లీ, తెర వెనక్కి ఆడవాళ్లు రాకూడదు!" గో కంగారుగా చేతులు అడ్డం పెట్టాడు. "దేవుడికి కోపమొస్తే దీపం ఆరిపోద్ది. మీ అత్తగారు మమ్మల్ని బతకనివ్వరు."

"ఆవిడ ఎవర్ని బతకనిచ్చింది కనుక!" మూతి తిప్పుకుంటూ వెళ్లిపోయింది ఆమె.

డప్పు మోగింది. గో వెదురు పుల్లలు పట్టుకుని యువరాణిని తెరకు ఆనించాడు. అద్దంలా అయ్యేదాకా గీకిన ఆవుతోలు దీపం వెలుగులో ఎర్రగా, పచ్చగా మెరిసింది. తాన్ కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

మొదటి పాట గడిచింది. రెండోదీ గడిచింది. సిపాయిలు ఈలలు వేశారు. "పెళ్లాం పోయిన దిగులు పాపం, గొంతు జీరపోయింది" అన్నారెవరో. తాన్ చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. ఇక మిగిలింది యువరాణి నది ఒడ్డున వీడ్కోలు చెప్పే పాట. అదొక్కటీ గట్టెక్కితే అందరూ ప్రాణాలతో ఇళ్లకు పోవచ్చు.

ఆ పాట రెండో చరణంలో ముసలావిడ చెయ్యెత్తింది.

"ఆపండి. వీడు తాన్ కాదు."

డప్పు ఆగిపోయింది. బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చింది. దళపతి ఒక్క గుంజుతో తెర లాగి పారేశాడు. తుపాకీ గొట్టం తాన్ నుదుటికి ఆనింది.

"ఎవడ్రా నువ్వు?"

"తాన్... తాన్ హుయిషెంగ్‌ని, దొరా."

ఊరిపెద్ద పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు. "ఇతనే దొరా, ఇతనే! నా పెళ్లిలో ఆడింది ఈ జట్టే. ఆ చెవి కింద మచ్చ చూడండి!"

దళపతి వంటవాడు కూడా గుంపును తోసుకుంటూ వచ్చాడు. "మా ఊరాయనే దొరా. మా పక్కిల్లే. చిన్నప్పటినుంచీ ఎరుగుదును."

దళపతి దీపం ఎత్తి తాన్ మొహం పరీక్షగా చూశాడు. మచ్చ చూశాడు. తర్వాత తుపాకీ దించి పెద్దగా నవ్వాడు.

"అమ్మా, నీ చెవులకు కూడా వయసొచ్చిందే! అసలు తాన్‌ని పట్టుకుని తాన్ కాదంటావేంటి?"

అందరూ నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

"నవ్వండి, నవ్వండి" అంది ముసలావిడ. "ఆ గొంతు ఇది కాదు. నేను చచ్చేదాకా ఇదే చెప్తా."

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. బృందానికి పుట్టినరోజు నూడుల్స్ పెట్టమని దళపతి పురమాయించాడు. గో చతికిలబడి, తన మెడ తానే తడుముకుని చూసుకున్నాడు.

తాన్ తినలేదు. లేచి వెళ్లి ముసలావిడ ముందు మోకరిల్లి, నేలకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. చావు తప్పినా భయం ఇంకా తీరలేదని జనం జాలిపడ్డారు.

"చంపలేదుగా నాయనా, ఏడుపెందుకు?" అంది ఆవిడ.

మగవేషంలో తెర వెనక చీకట్లో కూర్చుని, ఇన్నేళ్లూ తాన్ పేరు మీద పాడిన అతని భార్య గొంతు, అన్ని ఊళ్ల జనంలో ఆ ఒక్క ముసలావిడకే గుర్తుంది.