తపేలాడు పాలు

"ఒక్క చుక్క సీటు మీద పడిందా, ఇంటికెళ్ళి స్కూటీ నడుపుకో," అన్నాడు కోచ్ జీవన్ కుమార్.

భవ్య స్టీరింగ్ పట్టుకుని తలూపింది. కోయంబత్తూరు రేసుకి జట్టులో ఖాళీ ఒక్కటే. దానికోసమే రేపల్లె నుంచి బాపట్ల దగ్గర సరుగుడు తోటల్లో ఉన్న ఈ ట్రాకుకి ఏడాదిగా తిరుగుతోంది. ఇవాళ అది చేజారితే ఇంట్లో కారు తాళం కూడా ముట్టుకోనివ్వరు. రాత్రి నిద్ర పట్టక ఏడుస్తుంటే, "నాకొదిలెయ్యవే పిచ్చిదానా," అని నాయనమ్మ కోటిరత్నం దుప్పటి కప్పింది.

జీవన్ కుమార్ పరీక్ష లోకంలో ఇంకెక్కడా లేదు. అంచుదాకా పాలు పోసిన తపేలాని వెనక సీటుకి బెల్టు పెట్టి కట్టాలి. ఆ పాలు కూడా ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, మహానుభావుడు టీ నీళ్ళు కూడా పోయడు మరి! నిన్న తెనాలి కుర్రాడొకడు సీటంతా అభిషేకం చేసి పోయాడు. ఆ కంపు ఇంకా వదల్లేదు.

తపేలా పక్కనే కోటిరత్నం కూర్చుంది. కొప్పు మీద హెల్మెట్ నిలవక చేత్తో పట్టుకుంది.

"మీరెందుకండీ పెద్దమ్మగారూ, దిగండి."

"మా గేదె పాలు బాబూ, వదిలి రాను. మీరు కానీయండి."

కారు దూకింది. పెద్ద మలుపొచ్చింది.

"యాక్సిలరేటర్ మీద కాలు నిలుపు! మధ్యలో తీశావంటే బరువంతా ముందుకొచ్చి వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయ్. మెల్లగా పెంచు, మెల్లగా!"

భవ్య హడలిపోయి టక్కున కాలు తీసేసింది. కారు వెనక భాగం సర్రున పక్కకి జారింది. కోటిరత్నం హెల్మెట్ అద్దానికి ఠంగుమని తగిలింది.

"ఓరి నాయనో!"

ఎలాగో కారు ఆపి, భవ్య స్టీరింగ్ మీద తల వాల్చేసింది. ఏడాది కష్టం గంగపాలు.

జీవన్ కుమార్ వెనక్కి వంగి సీటు తడిమాడు. కింద మ్యాట్ తడిమాడు. అంతా పొడిగా ఉంది. తపేలాలో మీగడైనా చెదరలేదు.

"అంత జారినా చుక్క తొణకలేదా! ఏం అదుపమ్మా నీది! రేసుకి నువ్వే వెళ్తున్నావ్!"

మధ్యాహ్నం ముగ్గురూ నీడన అన్నాలకి కూర్చున్నారు. జీవన్ కుమార్ తన శిక్షణ గొప్పదనం చెప్పుకుంటూనే రెండుసార్లు కూర వేయించుకున్నాడు. ఆఖర్న కోటిరత్నం పెరుగు వడ్డించింది.

"అబ్బ, గడ్డ పెరుగు! ఎక్కడిదండీ?"

"పొద్దున మీరు కారులో తిప్పిందే బాబూ, రాత్రే తోడేశాను."