రాణెమ్మ చెంప మీద పేరు

దామోదరం భూతద్దం పట్టుకుని, పాత రాగి కాణీని కుప్పమ్మ అరచేతిలోనే చూడాల్సి వచ్చింది.

"బల్ల మీద పెట్టమ్మా. నేనేమన్నా మింగేస్తానా?"

"ఈడే సూడన్నా. నా సేతికేం నొప్పి లేదు."

తిరుపతి గాంధీ రోడ్డులో పాత నాణేలు బేరం చేసే అంగడి అది. కుప్పమ్మ నగరి నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. కాణీ చనిపోయిన అత్తగారి పోపుల పెట్టెలో దొరికింది. ఒక పక్క విక్టోరియా రాణి తల. రెండో పక్క అచ్చు రెండుసార్లు పడి, సంవత్సరం అంకెలు జంటగా ఉన్నాయి.

దామోదరం భూతద్దాన్ని ఇంకా దగ్గరికి జరిపాడు.

"అచ్చు ఇట్లా తప్పిన కాణీ నేనింతవరకూ సూళ్ళేదు. తొమ్మిది వందలు పలకతాది."

కుప్పమ్మ మొగుడు మునస్వామి కంటి ఆపరేషనుకు మద్రాసులో ఎనిమిది వందలన్నారు. కళ్ళకు పొరలు కమ్మి ఆయన మగ్గం మానేసి ఏడాది దాటింది.

కుప్పమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. కాణీకి తొమ్మిది వందలు చెప్పేవాడు దాన్ని ఎంతకు అమ్ముకుంటాడో!

"అయితే డబ్బులియ్యి."

"కొనేది నేను కాదమ్మా. రేపు పొద్దున్నే మద్రాసాయన వస్తాడు, నీ బస్సు చేరేలోగా పోతాడు. అంతవరకూ నా దగ్గర పెట్టిపో. రసీదు రాసిస్తా."

రసీదులో 'కాణీ ఒకటి' అని రాస్తాడు. ఏ కాణీ అని ఎవరు చెప్పాలి? అతని గాజు పెట్టెలో రాణి కాణీలు కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి ఒకటి పెట్టి, నువ్విచ్చింది ఇదేనంటే ఏం చేస్తుంది?

రాత్రికి ఉండిపోదామంటే మునస్వామికి అన్నం పెట్టేవాళ్ళు లేరు.

"గంటలో వస్తా," అని కాణీని కొంగున ముడేసుకుని బయటపడింది.

నాలుగు అంగళ్ళ అవతల పాత్రల కొట్టు.

బిందె మొదలు గరిటె దాకా కుప్పమ్మ ఇంట్లో పేరు లేని పాత్ర లేదు. ఇరుగింటికి పోయిన చెంబు ఇల్లు చేరేది ఆ పేరుతోనే.

పేర్లు కొట్టే ఆదిమూలం కాణీని అటూ ఇటూ తిప్పాడు.

"యాడ కొట్టేదమ్మా? సోటే లేదే."

"రాణెమ్మ సెంప మీద. బాగా లోతుగా కొట్టు."

చెంప మీద 'కు' పడింది. పావలా తీసుకున్నాడు.

ఇప్పుడు ధైర్యమొచ్చింది. దామోదరం బల్ల మీద కాణీ పెట్టి చెయ్యి తీసేసింది.

"పెట్టుకో అన్నా. రేపు నాదేదో నేనే సెప్తాను."

ఈసారి దామోదరానికి భూతద్దం అక్కర్లేకపోయింది.

"ఎంత పని చేసినావమ్మా!" అన్నాడు. "ఉలి తగిలిన కాణీని ఎవురూ తాకరు. ఇంక దీనికి రాగి వెలే."

ఇందాక తొమ్మిది వందలు. పేరు పడేసరికి రాగి వెల!

"నీ యవ్వారం నాకు తెలుసులే అన్నా," అని కాణీ తీసుకుంది.

"రేపు మద్రాసాయన్ని అడిగినా ఇదే మాటంటాడు."

అతని గొంతులో కోపం లేదు.

బస్సు పుత్తూరు దాటేదాకా కుప్పమ్మకు గెలిచినట్టే ఉంది. తర్వాత ఎందుకో ఆ కోపం లేని గొంతే చెవిలో మెదిలింది. మోసం దొరికిపోయినవాడు అట్లా మాట్లాడతాడా?

కొంగు ముడి విప్పి చూడలేదు.

మునస్వామి గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు లేచాడు.

"అమ్మినావా?"

"వాడు దొంగోడు. కాణీ మార్చకుండా నేను పేరు కొట్టిస్తే, దాంతో వద్దనేసినాడు."

కాణీ అతని చేతిలో పెట్టింది. అతను బొటనవేలితో మెల్లగా తడిమాడు. ముఖం విప్పారింది.

"కు," అన్నాడు. "బాగా లోతుగా కొట్టినాడే. నాక్కూడా కనపడతా ఉండాది."