జలపాతం లేని కోర్సు

పెరటి మెట్టు మీద కూర్చుని అక్క బూట్లకు అంటిన బురద గీకుతోంది. ఒక బూటు అయింది. రెండోది అందుకోబోతుండగా తమ్ముడు వచ్చాడు. వీధి తలుపు తట్టలేదు. ఇంటి పక్క సందులోంచి వచ్చాడు.

"ఏరా, దొంగలా అటునుంచి వచ్చావేం?"

"బావ ఉన్నాడా?"

"పనికెళ్లారు. ముందు కూర్చో. ఏంటా మొహం, పిండి రాసుకున్నట్టు?"

కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్లి కిటికీ రెక్క మూశాడు. మంచినీళ్లు ముంచుకున్నాడు గాని సగం చొక్కా మీదే ఒలికాయి. అక్క బూటు పక్కన పెట్టి లోపలికొచ్చింది. చిన్నప్పుడు పరీక్ష తప్పి కూడా నవ్వుతూ ఇంటికొచ్చినవాడు వీడు. ఇలా ఎన్నడూ చూడలేదు.

"నీ మాటొక్కటే మిగిలిందట కదక్కా. మిగతా ఇద్దరూ చెరోటి అన్నారట."

ఆ సంగతి న్యాయనిర్ణేతలకు తప్ప ఎవరికీ తెలియకూడదు.

"నీకెవరు చెప్పార్రా?"

"మా యజమానికి తెలీనిదేముంది?"

కొత్తగా కట్టిన గోల్ఫ్ కోర్సుల్లో మేలైనదేదో తేల్చే ముగ్గురిలో ఆమె ఒకరు. ఏది ఎవరు గీశారో నిర్ణేతలకు చెప్పరు. గెలిచినదాన్ని గీసినవాణ్ని మాత్రం పేరు పెట్టి వేదిక మీదికి పిలుస్తారు. ఓడినవాళ్ల పేర్లు ఎప్పటికీ బయటికి రావు.

కాని జలపాతం ఉన్న కోర్సు ఎవరిదో దాచినా దాగదు. తమ్ముడు నక్షాలు గీసేది ఆ యజమాని కంపెనీలోనే. ఆ మాట ఆమె మొదట్లోనే పోటీ పెద్దలకు చెప్పింది. "అయితే మీవాడి కంపెనీకిచ్చారనిపించుకోకూడదని మార్కులు తగ్గించకండి" అని నవ్వేశారు.

పోటీలో మిగిలిన రెండోది గొర్రెలు మేసిన బీడులో కట్టింది. పాలరాతి మెట్లు లేవు, రంగు దీపాలు లేవు. సెలవు దొరికితే బస్సు డ్రైవర్లు, నర్సులు వచ్చి ఆడుకుంటారు.

"ఆ బీడుదానికి మొదటి స్థానం ఇవ్వకక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. అసలు ఆ బీడువాళ్లు దాన్ని పోటీకి పంపుతారని ఎవరనుకున్నారు?"

"ఏం, పంపకూడదా? గొప్పోళ్లే పంపాలా?"

"అందులో అంత ఏముంది?" గొంతు తగ్గించి అడిగాడు.

వెటకారం అనుకుంది. ఒళ్లు మండింది.

"ఏముందా? మీ కోర్సులో ఆ జలపాతం తీసేస్తే ఏం మిగుల్తుందో చెప్పు. ప్రతి హోల్‌లోకీ బంతికి ఒకటే దారి. నీళ్ల మీంచి కొట్టగలిగినవాడు కొడతాడు, చేతకానివాడు బంతులన్నీ చేపలకు మేతేసి ఇంటికి పోతాడు. ఫొటోలకు తప్ప దేనికది? బీడుదాంట్లో ఒక్క గుట్టనీ కదపలేదు. సరిగ్గా మనిషికి ఆశ పుట్టే చోటే ఇసుక గుంట పెట్టాడు. దమ్మున్నవాడు దాని మీంచి కొట్టి దగ్గరి దారి పడతాడు. నాలాంటిది పక్కనుంచి నిదానంగా పోతుంది. ఇద్దరికీ బుర్ర వాడక తప్పదు. ఎవడు గీశాడో గాని, ఆడలేనివాళ్లని తలచుకుని గీశాడ్రా."

తమ్ముడు నేల చూపులు చూస్తూ విన్నాడు.

"వానొస్తే పదమూడో హోల్ దగ్గర నీళ్లు నిలుస్తాయి. అది తప్పే కదా? ఆ వంక పెట్టు."

అక్క వాడి మొహంలోకి చూసింది. నిన్న వాన వెలిశాక అక్కడ చీలమండల దాకా నీళ్లలో నిలబడింది తను. వీడికెలా తెలుసు? అంటే లోపాలు వెతకడానికి మనుషుల్ని తిప్పుతున్నాడన్నమాట ఆ యజమాని. తను ఒంటరిగా నడిచినంతసేపూ చెట్ల చాటున ఎవరైనా ఉన్నారేమో.

"నిన్ను ఆయనే పంపాడా?"

"నేనిక్కడికొచ్చానని తెలిస్తే చంపేస్తాడు."

వీధిలో కారు ఆగింది. ఇద్దరూ అటు చెవి పెట్టారు. కారు తలుపు పడింది. ఎదురింటివాళ్ల మాటలు వినిపించాయి. తమ్ముడు గోడకు జారగిలబడ్డాడు.

"ఆయన సంగతి నీకు తెలీదక్కా. మాతో పనిచేసేవాడొకడు చాటుగా బయటివాళ్లకి ఓ నక్షా గీసిచ్చాడు. ఉద్యోగం తీసేసి ఊరుకోలేదు, కోర్టుకీడ్చాడు. పాపం, ఇంట్లో మంచాలు కూడా అమ్ముకున్నాడు. ఇప్పుడు వాణ్ని గుమ్మమెక్కనిచ్చేవాడు లేడు. నాకు పసిపిల్ల ఉంది."

"మీ జలపాతానికే ఇస్తే సరా?"

"దేనికైనా ఇచ్చుకో. దీనికి మాత్రం వద్దు."

ఫోను మోగింది, తీర్పు అడగడానికి పోటీవాళ్లే. తమ్ముడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె కళ్ల ముందు మేనకోడలి బోసినవ్వు మెదిలింది. మెల్లగా చేయి విడిపించుకుని ఫోనెత్తింది.

"పదమూడో హోల్ దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి, బాగుచేసుకోమనండి. అయినా మొదటి స్థానం బీడు కోర్సుకే."

ఫోను పెట్టేసింది. పీట లాక్కుని కూర్చుంది.

"ఉద్యోగం పోతే మరదల్నీ పిల్లనీ తీసుకుని ఇక్కడికొచ్చెయ్. ఉన్నది కలిసి తిందాం. ఆయన కోర్సు ఓడితే నీ తప్పేంట్రా? రేపు బహుమతుల సభకి నువ్వూ రా. ఆ గీసినవాడెవడో చూడాలనుంది నాకు."

వాడు ఏడుస్తాడనుకుంది. వాడు తను మూసిన కిటికీ రెక్క మళ్లీ తెరిచాడు.

బీడు కోర్సు గీసింది తనేనని, రేపు వేదిక మీదికి పిలవబోయేది తన పేరేనని చెప్పకుండానే తమ్ముడు చెప్పులు వేసుకుని గుమ్మం దిగి వెళ్లిపోయాడు.